పేరు చెప్పని ప్రార్థన

అది జరిగినప్పుడు గదిలో అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. అందుకే ఎవరి ముఖం ఎలా మారిందో ఎవరూ చూడలేదు. చూసి ఉంటే ప్రార్థన మధ్యలోనే ఆగిపోయేదేమో.

ప్రార్థన చేస్తున్నది గడగడ. ఆ అమ్మాయికి కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గాని, దైవశాస్త్ర కళాశాల హాస్టల్లో అడుగుపెట్టిన మొదటి ఏడాదే తోటి పిల్లలు ఈ పేరు తగిలించారు. అది అక్కడ ఆగక, ఆదివారాలు ఆమె సేవకు వెళ్ళే చర్చి దాకా పాకింది. పేరుకు తగ్గట్టే మాట పొల్లుపోకుండా, తడుముకోకుండా, ఊపిరి ఎక్కడ పీలుస్తుందో కూడా తెలియకుండా ప్రార్థించేది. ముసలివాళ్ళు ఆ ధారకు మురిసిపోయేవాళ్ళు. చదువు చివరికొచ్చింది. వచ్చే సోమవారం ఆఖరి పరీక్ష. అది దాటితే పాస్టరుగా అభిషేకం, ఆ వెంటనే అదే చర్చిలో పాస్టరుగారి కింద ఉద్యోగం. అంతా కుదిరినట్టే ఉంది.

ఆ బుధవారం సాయంత్రం ప్రార్థన కూటం వడ్రంగి ఇంట్లో పెట్టారు. పెద్దవాళ్ళు గోడ పొడుగునా కుర్చీల్లో, మిగిలినవాళ్ళు చాపల మీద. గుమ్మం బయట చెప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పాటలయ్యాక పాస్టరుగారు గడగడ వైపు తల ఊపారు. ఆమె లేచి, ఒకరి మోకాళ్ళ నొప్పులూ ఇంకొకరి అబ్బాయి ఉద్యోగమూ వరసగా దేవుడికి అప్పజెప్పుకుంటూ వచ్చింది.

ప్రార్థనకు ఒక ఊపు ఉంటుంది. అది అలవాటున్నవాళ్ళకే తెలుస్తుంది. ఒక మాట ఇంకో మాటను లాక్కొస్తుంది. వెనకనుంచి ఎవరో “అవును తండ్రీ” అని మూలిగితే గొంతు ఇంకాస్త పైకి లేస్తుంది. ఆ లేచిన గొంతుకు ఏదో ఒకటి అందించాలి కదా. అప్పుడు చేతికి ఏది దొరికితే అది అందిస్తాం.

“ప్రభువా, మా మధ్య ఒక తల్లి ఉంది. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పుకోలేక లోలోపల కుమిలిపోతోంది. సూదిలో దారం ఎక్కించే ఆ చూపు రోజురోజుకీ ఆరిపోతోంది తండ్రీ. ఆ కళ్ళను నువ్వు ముట్టు.”

ఈసారి వెనకనుంచి “అవును తండ్రీ” రాలేదు. పైన ఫ్యాను తిరిగే చప్పుడు మాత్రం వినపడింది. గడగడకు అప్పుడే ఒళ్ళు ఝల్లుమంది గాని, నోరు దాని దారిన అది పోతూనే ఉంది. ఇంకో నాలుగు మాటలు కలిపి ముగించింది. ఆమేన్ అన్నారు. కళ్ళు తెరిచారు. తెరిచిన కళ్ళన్నీ ఒక్కచోటికే తిరిగాయి.

ఆ చర్చిలో సూది పట్టి బతికేది ఒక్క మనిషే. ఆమెను అందరూ మిషనత్త అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమె ఏదో విదేశీ మిషన్ తాలూకు పెద్దావిడ అనుకుని లేచి నిలబడేవాళ్ళు. కుట్టు మిషను అని తెలిశాక తామే నవ్వుకుని కూర్చునేవాళ్ళు. పిల్లల బారసాల గౌన్ల దగ్గర్నుంచి పాస్టరుగారి తెల్ల అంగీ దాకా ఆమె చేతిమీద పోవలసిందే.

మిషనత్త ఎవరివైపూ చూడలేదు. ఒళ్ళో పెట్టుకున్న పాటల పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. పక్కన చాప మీద కూర్చున్న కోడలు మాత్రం అత్త ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల పెదవులు ఏదో అడగబోయి బిగుసుకున్నాయి. అత్త లేచింది. కోడలు వెనకాలే లేచింది. చెప్పుల కుప్పలో మిషనత్త కాలితోనే తడిమి తన జత వెతుక్కుంటుంటే, గదంతా మాట్లాడకుండా ఆ కాలివైపే చూసింది. అంతకుముందు ఏళ్ళతరబడి ఆమె అలాగే వెతుక్కుంటోంది. అప్పుడెవరూ చూడలేదు.

మర్నాడు పొద్దున గడగడ బల్ల ముందు కూర్చుంది గాని పుస్తకం మీద మనసు నిలవలేదు. సోమవారం జరిగేదాన్ని సమన్వయ పరీక్ష అంటారు. చదివిన చదువుకూ చేసిన సేవకూ బతికిన బతుక్కీ ముడి ఎక్కడ పడిందో, జరిగిన ఒక సంగతి తీసుకుని నోటితో చెప్పాలి. వినడానికి ముగ్గురు కూర్చుంటారు. ప్రిన్సిపాలు అమ్మగారు, ప్రసంగాలు నేర్పిన మాస్టారు, సేవ చేసిన చర్చి నుంచి ఒక ప్రతినిధి. ఆ ప్రతినిధిని విద్యార్థే ఎంచుకోవాలి. ఏడాది మొదట్లో గడగడ ఏరికోరి ఎంచుకున్నది మిషనత్తనే.

ఆమె సిద్ధం చేసుకున్న అంశం ఓదార్పు. ఎదుటివాళ్ళ బాధను వినడం ఎలాగో ఇరవై పుటలు రాసింది. మాస్టారు దాన్ని క్లాసులో చదివి వినిపించారు కూడా.

పేరు చెప్పలేదు కదా అని ఆమె మనసుకు నచ్చజెప్పుకుంది. నిజంగానే పేరు చెప్పలేదు. ఆ మాట తలలో ఎన్నిసార్లు తిప్పినా గుండెలోకి దిగలేదు. ఇంక కూర్చోలేక, అభిషేకానికి కుట్టిస్తున్న అంగీ కొలత చూసుకోవాలన్న నెపం పెట్టుకుని దుకాణానికి బయల్దేరింది.

మిషనత్త దుకాణం బజారు మలుపులో మందుల షాపుకీ గడియారాలు బాగుచేసే అతనికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు కత్తిరించే బల్ల, వెనక రెండు మిషన్లు, గోడకు కొట్టిన మేకులకు పూర్తయిన బట్టలు. పోయిన వారం ఆ బల్ల పక్కనే గడగడ తెల్ల అంగీ తొడుక్కుని నిలబడింది. భుజం దగ్గర గుండుసూది గుచ్చబోయి మిషనత్త ఆమె చర్మంలో గుచ్చింది. గడగడ కెవ్వుమంటే, ఆ చేయి గాల్లో ఆగిపోయింది. అప్పుడు చెప్పింది, కోడలు కాజాల దారం కోసం బయటికి వెళ్ళిన ఆ కాస్త సేపట్లో. కళ్ళ డాక్టరు పూర్తిగా చీకటి పడదన్నాడట. నడిమధ్యన మసక పెరుగుతుంది, పక్కచూపు మిగులుతుంది అన్నాడట. అందుకే మనిషిని చూడాలంటే ముఖం పక్కకు తిప్పుకుంటానని, జనం దాన్ని పొగరనుకుంటున్నారని, అనుకుంటే అనుకోనీ, గుడ్డిదాన్ననడం కంటే అదే నయమని నవ్వింది. చాక్ గీత కనపడదు గనక బొటనవేలి గోరుతో గుడ్డ మీద నొక్కి గీత గీసుకుంటుందట, వేలికి తెలుస్తుందని. పొద్దున్నే వెలుతురు బాగున్నప్పుడు ఆ రోజుకు కావలసిన సూదులన్నిటికీ దారాలు ఎక్కించి దిండుకు గుచ్చి పెట్టుకుంటుందట. కోడలికి పని పూర్తిగా చేతికొచ్చేదాకా ఇలా నెట్టుకొస్తే చాలు, తర్వాత అందరికీ తానే చెబుతానంది. గడగడ ఆమె చేయి పట్టుకుని కంటతడి పెట్టుకుంది. ఎంత బాగా విన్నానో అని లోపల్లోపల అనుకుంది కూడా.

ఇవాళ ఆమె మలుపు తిరిగేసరికి దుకాణం ముందు ఆటో ఆగి ఉంది. స్కూలు హెడ్మిస్ట్రెస్ లోపల నిలబడి ఉంది. ఆవిడా చర్చి మనిషే. ఏటా పిల్లల యూనిఫారాలు ఇక్కడే కుట్టిస్తుంది. నీలం గుడ్డ తానులు ఒక్కొక్కటీ ఆటోలోకి ఎక్కుతున్నాయి.

ఆవిడ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. ఉన్నదంతా ప్రేమే. కళ్ళకు విశ్రాంతి కావాలి కదా అక్కా అంటోంది, ఈ ఏడు వేరేచోట ఇస్తాను, నువ్వు బాగయ్యాక మళ్ళీ నీకే అంటోంది, మా ఇంట్లో అందరం నీ కోసం మోకాళ్ళ మీద ఉన్నాం అంటోంది. మాట్లాడుతున్నంతసేపూ గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి చెబుతోంది. చూపు తగ్గితే చెవులు కూడా తగ్గుతాయనుకుందో ఏమో.

మిషనత్త ముఖం పక్కకు తిప్పుకుని నిలబడి, సరే తల్లీ, సరే అంది. చివరి తాను తానే ఎత్తి ఇవ్వబోతే హెడ్మిస్ట్రెస్ గబుక్కున అందుకుంది, పడేస్తావేమో అక్కా అంటూ.

ఆటో వెళ్ళాక దుకాణంలో నీలం దారపు కండెలు మాత్రం మిగిలాయి. అవి ఇక దేనికీ పనికిరావు. కోడలు వాటిని పెట్టెలో పడేస్తూ గడగడను చూసింది.

“రండి. మా అత్తకు నేను పరాయిదాన్ని, మీరే సొంతం. నాకు ఊళ్ళోవాళ్ళతో పాటు కళ్ళు మూసుకున్నాక తెలిసింది.”

గడగడ నోరు తెరిచింది. కోడలు వినడానికి నిలబడలేదు, వెనక మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. ఆ తొక్కుడుకు, ప్రాణం ఉంటే మిషను ఏడ్చేది.

మిషనత్త మేకుకున్న తెల్ల అంగీ తీసి చేతికిచ్చింది. తొడుక్కోమంది. గడగడ తొడుక్కుంటూనే మొదలుపెట్టింది. క్షమించమంది. ఎలా వచ్చేసిందో తనకే తెలియదంది. పేరు చెప్పలేదంది, మళ్ళీ అలా అనకూడదని తెలుసంది, రాత్రంతా నిద్ర పట్టలేదంది. మాటలు వరద కట్టాయి. మిషనత్త పెదవుల మధ్య గుండుసూదులు బిగించి నేలమీద మోకాళ్ళూని, అంగీ అంచు మడుస్తూ, గోటితో నొక్కుతూ, చుట్టూ తిరిగి వస్తోంది. చుట్టు పూర్తయ్యేదాకా ఒక్క మాట అనలేదు. నోట్లో సూదులుంటే ఎలా అంటుంది?

చివరి సూది గుచ్చాక నోరు ఖాళీ అయింది.

“నీకు చెప్పుకున్నాను. దేవుడికి చెప్పమని కాదు. ఆయనకు నేను ముందే చెప్పుకున్నా.”

గడగడ ఆదివారం అందరి ముందూ నిలబడి తప్పంతా తనదేనని ఒప్పుకుంటానంది.

“మళ్ళీ నోరు తెరుస్తానంటావు.”

“మరి నన్నేం చెయ్యమంటారు అత్తా?”

“కదలకుండా నిలబడు. అంచు వంకర పోతోంది.”

ఆమె నిలబడింది. మిషనత్త ముఖం పక్కకు తిప్పి, కొనకంటితో అంచు సరిచూసుకుంది. తర్వాత అంగీ విప్పించి, తర్వాత విప్పేసే పొడుగు పొడుగు పచ్చి కుట్లు వేసి, మళ్ళీ మేకుకు తగిలించింది. సోమవారం సంగతి గడగడ అడగలేకపోయింది. వస్తారా అని అడిగితే రావద్దని బతిమాలినట్టుంటుంది. రావద్దంటే ఇంకా హీనం. మిషనత్తే అంది, బల్లమీద గుడ్డ పేలికలు ఊడుస్తూ, సోమవారం పొద్దున పదింటికే కదా, కోడల్ని దుకాణంలో కూర్చోబెట్టి వస్తాను అని. అది దయో బెదిరింపో గడగడకు అంతుపట్టలేదు.

శుక్రవారానికి పెళ్ళివాళ్ళు జాకెట్టు గుడ్డలు వెనక్కి తీసుకున్నారు. శనివారం వడ్రంగి భార్య వచ్చి చిరిగిన దుప్పటి ఒకటి ఇచ్చి, ఇది కుట్టు అక్కా, వంకర పోయినా ఫరవాలేదు అని వెళ్ళింది. ఈ కబుర్లన్నీ గడగడకు హాస్టల్లోనే చేరాయి. మంచి వార్త ఆలస్యంగా వచ్చినా ఇలాంటివి పరుగెత్తుకొస్తాయి.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు మిషనత్తను ముందుకు పిలిచారు. సంఘమంతా లేచి ఆమె చుట్టూ మూగింది. తలమీద కొందరు, భుజాల మీద కొందరు చేతులు పెట్టారు. ఎవరిదో అరచెయ్యి ఏకంగా ఆమె కళ్ళమీదే పడి అక్కడే ఉండిపోయింది. పాటలవాళ్ళ వరసలో నిలబడిన గడగడకు ఆ చేతుల మధ్యనుంచి మిషనత్త ముక్కు, బిగిసిన గడ్డం మాత్రం కనపడ్డాయి. ఆమె చీర కుచ్చిళ్ళను పిడికిట్లో పట్టుకుని ఉంది. వదిలిన తర్వాత ఆ కుచ్చిళ్ళు నలిగి ముద్దయ్యాయి. జీవితంలో నలిగిన చీర కట్టుకుని గడప దాటని మనిషి.

బయటికి వస్తుంటే ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని చర్చి మెట్లు దింపబోయారు. చిన్నప్పట్నుంచి ఆమె ఎక్కి దిగిన మెట్లవి. మిషనత్త చేతులు విదిలించుకుంది. పాపం చాలా నొచ్చుకుందని వాళ్ళు ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.

పాస్టరుగారు గడగడను పక్కగదిలోకి పిలిచారు. ఆరాధన బల్లమీది తెల్లగుడ్డను చెరో కొసా పట్టుకుని మడత పెడుతుంటే, ఆయన ముఖం వెలిగిపోతోంది. మంచి మనిషి ఆయన. ఎవరికి జ్వరమొచ్చినా అర్ధరాత్రయినా వెళ్తారు. దాచుకున్న బాధను దేవుడు నీ నోటితో బయటపెట్టించాడు అన్నారు. ఆవిడ అలాగే దాచుకుని ఉంటే ఎవరికి తెలిసేది, ఇప్పుడు చూడు, సంఘమంతా ఒక్క మనిషై మోకరించింది అన్నారు.

“రేపు పరీక్షలో ఇదే చెప్పు. చదువూ సేవా కలిసిన చోటు ఇంతకంటే ఎక్కడ దొరుకుతుంది? ప్రిన్సిపాలు అమ్మగారికి ఫోన్లో ఒక మాట వేసి ఉంచాను. పేరు చెప్పలేదులే. పైగా మన మిషనత్తే అక్కడ కూర్చుని ఉంటుంది. సాక్షి పక్కనే!”

గడగడ చేతిలో గుడ్డ కొస జారిపోయింది. ఆయన నవ్వి, పరీక్ష భయమా అన్నారు.

ఆ సాయంత్రం హాస్టల్లో పక్కమంచం స్నేహితురాలికి ఆమె సంగతంతా చెప్పలేదు, ఒక తప్పు చేశానని మాత్రం చెప్పింది. స్నేహితురాలు ఉతికిన బట్టలు మడతేస్తూ, అదే చెప్పెయ్యి మరి అంది. గొప్పలు చెప్పేవాళ్ళంటే వాళ్ళకు ఈమధ్య మొహం మొత్తింది, తప్పు ఒప్పుకుని రెండు కన్నీళ్ళు కార్చావంటే కళ్ళు మూసుకుని మంచి మార్కులేస్తారు అంది. ఆ పిల్ల మాటలో అబద్ధం లేదు. పోయిన ఏడాది ఒకడు అలాగే మెడల్ కొట్టుకుపోయాడు.

గడగడ గోడవైపు తిరిగి పడుకుంది. గొప్పగా చెప్పినా అదే సంగతి. ఏడుస్తూ చెప్పినా అదే సంగతి. ఎటు తిప్పి చెప్పినా మిషనత్త కళ్ళు మళ్ళీ బల్లమీదికి రావలసిందే, తన డిగ్రీ కోసం. పేరు చెప్పకపోయినా, ఆ కుర్చీలో ఆ మనిషి పక్కకు తిరిగి కూర్చునే ఉంటుంది. ఇంకో సంగతి వెతుక్కుందామని మూడేళ్ళ సేవంతా తిరగేసింది. ఆసుపత్రిలో ముసలాయన, మత్తు మానేసిన డ్రైవరు, బిడ్డ పోయిన తల్లి. ప్రతివాళ్ళూ ఆమెకు ఏదో చెప్పుకున్నవాళ్ళే. ఆ మాటలన్నిటినీ ఆమె ఎక్కడో ఒక చోట, ఏదో ఒక ప్రసంగంలో, పేరు చెప్పకుండా వాడేసుకుంది. అది ఆమెకు అప్పుడే తెలిసొచ్చింది.

సోమవారం పదింటికి గదిలో పొడుగుబల్ల వెనక ముగ్గురూ కూర్చున్నారు. నీళ్ళ గ్లాసుల మీద మూతలు. వాళ్ళ వెనకే కిటికీ, అందులోంచి ఎండ. మిషనత్త చివరి కుర్చీలో, ఇస్త్రీ చీరలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ముఖం గోడవైపు తిప్పుకుని ఉంది. ప్రసంగాల మాస్టారు ఆమెవైపు ఒకసారి చూసి ప్రిన్సిపాలు అమ్మగారి వైపు చూశారు. ప్రతినిధికి ఈ అమ్మాయంటే పడదేమో అన్నట్టుంది ఆ చూపు.

మిషనత్త తననే చూస్తోందని ఆ గదిలో గడగడ ఒక్కదానికే తెలుసు.

మొదటి ప్రశ్నలు పుస్తకాల లోంచి అడిగారు. వాటికి జవాబులు నోటి చివరే ఉన్నాయి, చెప్పింది. మాస్టారు ముచ్చటపడి తల ఊపారు. తర్వాత ప్రిన్సిపాలు అమ్మగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. ఆవిడ కళ్ళజోడు తీశారంటే అసలు పరీక్ష మొదలైందని అర్థం.

“పుస్తకం సరే. ఇక నీ సంగతి. మీ పాస్టరుగారు ఫోన్లో చెప్పారు, ఈమధ్యే ఒక ప్రార్థన కూటంలో గొప్ప సంగతి జరిగిందట. పేరు చెప్పలేదు ఆయన. ఎవరో తమ బాధను దాచుకుంటే నీ ప్రార్థనతో బయటపడిందట. అది చెప్పు, వింటాం.”

సంచి పట్టుకున్న మిషనత్త వేళ్ళు కదిలాయి. బొటనవేలి గోరు సంచి అంచు మీద ఒక గీత గీసింది, దాన్నే మళ్ళీ గీసింది.

గడగడ నోట్లో మాటలు లేక కాదు. చెప్పుకోవడానికి రెండు కథలు సిద్ధంగా ఉన్నాయి, గొప్ప కథ, కన్నీళ్ళ కథ. రెండూ నాలుక మీదికి వచ్చి తోసుకుంటున్నాయి. ఆమె దవడలు బిగించింది.

“అది నేను చెప్పలేనండి.”

“గుర్తు లేదా?”

“గుర్తుందండి. అది నాది కాదు. చెప్పే హక్కు నాకు లేదు.”

“అయితే వేరేది చెప్పు. మూడేళ్ళలో ఒక్కటైనా ఉంటుందిగా.”

“ఉన్నాయండి. ఏవీ నావి కావు.”

మాస్టారు ముందుకు వంగారు. ఆయనకు ఇది బాధగానే ఉంది. మూడేళ్ళుగా ఈ అమ్మాయి నోట మాట ఆగడం చూడలేదన్నారు. ఓదార్పు మీద ఇరవై పుటలు రాసిన మనిషివి, ఒక్కరిని ఓదార్చిన సంగతి చెప్పలేవా అన్నారు. జాగ్రత్తగా ఆలోచించుకోమన్నారు, ఈ భాగంలో మార్కులు లేకపోతే డిగ్రీ కాగితం రావచ్చు గాని అభిషేకానికి సిఫారసు చెయ్యలేమన్నారు. సిఫారసు లేకపోతే ఉద్యోగం లేదు. అది ఆయన చెప్పనక్కర్లేదు.

కిటికీ అవతల ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. గడగడ చేతులు కట్టుకుని నిలబడింది. అంచు గుర్తుపెట్టేటప్పుడు నిలబడ్డట్టే, కదలకుండా నిలబడింది. అటువంటి నిశ్శబ్దం ఆమె జీవితంలో ఎరగదు. మాటల్లో ఉన్నంతకాలం దాక్కోవడానికి చోటుండేది.

ప్రిన్సిపాలు అమ్మగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఏదో రాయబోయి ఆగి, చివరి కుర్చీ వైపు తిరిగారు. సంఘం తరఫున మీరేమంటారమ్మా, ఈ అమ్మాయి మీ దగ్గర పని చెయ్యగలదంటారా అని మర్యాదగా అడిగారు.

మిషనత్త గొంతు సవరించుకుంది. ఇప్పుడు ఆమె నిజం చెప్పవచ్చు. ఒక్క వాక్యం చాలు, పేరు కూడా అక్కర్లేదు.

“ఇంకా పచ్చిగానే ఉందండి. ఇప్పుడే అంగీ తొడగొద్దు. ఇంకో ఏడాది ఆపండి.”

మాస్టారు కాగితం మీద ఏదో రాసుకున్నారు. గడగడ తల వంచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని అన్యాయం అనిపించలేదు.

“అయితే ఆ ఏడాదికి వేరే చర్చికి పంపమంటారా?” అన్నారు ప్రిన్సిపాలు అమ్మగారు.

“వేరేచోటికి దేనికండీ. మా దగ్గరే ఉండనివ్వండి.”

ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ మాటకు ఆ మాటకు పొంతన వాళ్ళకు దొరకలేదు. ఇంకేమైనా చెబుతారా అని మాస్టారు అడిగితే, మిషనత్త అంతేనంది.

పరీక్ష చివర్లో ప్రార్థన చెయ్యడం ప్రతినిధి పని. అది ఆ కళాశాలలో మొదట్నుంచి వస్తున్న పద్ధతి. ప్రిన్సిపాలు అమ్మగారు ఆ మాట గుర్తు చేశారు. అందరూ తలలు వంచారు, కళ్ళు మూసుకున్నారు.

గడగడ మూసుకోలేకపోయింది. ప్రార్థనలో ఏం చెయ్యవచ్చో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరు. తెరిచిన కళ్ళతో అనలేని మాట మూసిన కళ్ళతో ఎంత సులువుగా అనవచ్చో, అన్నాక ఎవరూ ఎదురు చెప్పరానిదై ఎలా నిలబడిపోతుందో ఆమెకు తెలుసు. బల్ల అంచు పట్టుకుంది. మిషనత్త కుర్చీలోంచి లేచి, సంచి గుండెకు ఆనించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. కళ్ళు మూసుకున్నప్పుడు ఆమె ముఖం పక్కకు లేదు. తిన్నగా గడగడ ఎదురుగా ఉంది.

“తండ్రీ, ఈ పిల్ల సంగతి నీకు తెలుసు. నాకూ తెలుసు.”

ఊపిరి పీల్చుకుంది. ఇంకా ఏదో వస్తుందని గది కాచుకుంది.

“ఆమేన్.”

మాస్టారు ఆలస్యంగా ఆమేన్ అన్నారు. ఆయన ఇంత పొట్టి ప్రార్థన ఎన్నడూ విని ఉండరు.

బయట వరండా దాటాక మెట్లు ఉన్నాయి. పదకొండింటి ఎండ రాతి మీద పడి మెట్ల అంచులన్నీ ఒకటే తెలుపులో కలిసిపోయాయి. మిషనత్త పై మెట్టు దగ్గర ఆగి, ముఖం ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుంటోంది. మెట్ల పక్కన పిల్లలు గుంపుగా నిలబడి పరీక్ష కబుర్లు చెప్పుకుంటున్నారు. గడగడ ఆమె వెనకే వచ్చింది. జాగ్రత్త అత్తా అన్న మాట గొంతుదాకా వచ్చింది. మింగేసింది. చేయి చాచబోయి అదీ వెనక్కి తీసుకుంది. ఒక మెట్టు కిందికి దిగి, చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి లేచి, అక్కడే నిలబడింది.

కాసేపటికి భుజం మీద బరువు పడింది. ఎండిపోయిన, సూదిపోట్ల చెయ్యి. చూసేవాళ్ళకు పెద్దావిడ చిన్నదాని మీద చెయ్యేసి ఏదో మంచిమాట చెబుతున్నట్టే ఉంటుంది. ఇద్దరూ ఒక్కో మెట్టూ దిగారు. నేలమీదికి వచ్చాక కూడా ఆ చెయ్యి వెంటనే తియ్యలేదు.

గేటు దగ్గర మిషనత్తే అంది.

“దుప్పటి ఒకటి వచ్చింది కుట్టుకి. దారాలు ఎక్కించేవాళ్ళు లేక కోడలు సణుగుతోంది. వస్తావా?”

“వస్తానత్తా.”

“అది నిన్ను నాలుగు మాటలంటుంది. పడాలి.”

గడగడ తల ఊపింది. తల ఊపితే ఆమెకు కనపడదేమోనని అనుమానం వచ్చి నోరు తెరవబోయింది. అంతలోనే మిషనత్త ముఖం పక్కకు తిప్పుకుని ఉండటం చూసి ఊరుకుంది.